గ్రీన్లు మెత్తబడి నల్ల పాకురు పడుతున్నాయి, దసరా టోర్నమెంట్ ముందు ఏం చేయాలి?

పచ్చిక_కొత్తవాడు:

అందరికీ నమస్కారం. బీఎస్సీ హార్టికల్చర్ చేసి, ఈ వేసవి నుంచి హైదరాబాద్ శివారులో 9 హోల్స్ ఉన్న ఒక గోల్ఫ్ కోర్సులో అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. కాలేజీలో లాన్ల గురించి చదువుకున్నాం గానీ, గడ్డిని రోజూ 4 మిల్లీమీటర్ల ఎత్తుకి కోస్తూ బతికించుకోవడం ఎలాగో అక్కడ ఎవరూ చెప్పలేదు.

మా గ్రీన్లలో (హోల్ చుట్టూ గడ్డిని బాగా పొట్టిగా కోసి ఉంచే చోట్లు) ఉన్నది టిఫ్‌డ్వార్ఫ్ అనే బెర్ముడా జాతి గడ్డి. వానలు మొదలైనప్పటి నుంచి 3, 7 నంబర్ గ్రీన్లు మెత్తబడిపోయాయి. నడుస్తుంటే మడమ దిగుతోంది. మోవర్ తిప్పితే కొన్నిచోట్ల గడ్డిని మొదలంటా గీకేసి గోధుమరంగు మచ్చలు వదులుతోంది. 7వ గ్రీన్‌కి తూర్పు వైపు పెద్ద నిద్రగన్నేరు చెట్లున్నాయి. అక్కడ గడ్డి పలచబడి, నేల మీద నల్లటి పాకురు పొర కట్టింది. రెండు రోజులు ఎండ కాస్తే పెచ్చులుగా లేస్తుంది, వాన పడితే మళ్ళీ జారుడు. నీళ్ళు ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంట్) నుంచి వస్తాయి. పాత రిజిస్టర్ తిరగేస్తే గ్రీన్లకి హాలో టైన్ (బోలు ఊచలతో పొడిచి మట్టిని బయటికి తీయడం) వేసి రెండేళ్ళు దాటింది.

దసరాకి మెంబర్ల టోర్నమెంట్ ఉంది. ఇంకా మూడు వారాలే టైమ్. కమిటీ వాళ్ళేమో రంగు లేదు యూరియా చల్లండి, బంతి దొర్లే స్పీడ్ లేదు ఇంకా కిందికి కోయండి అంటున్నారు. రెండూ సరికాదని నాకు అనిపిస్తోంది, కానీ వాళ్ళకి గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. టెన్షన్‌గా ఉంది. ముందు ఏం చూడాలి? ఏం ఆపేయాలి?

మామిడితోట_మదనపల్లె:

గోల్ఫ్ గురించి నాకు తెలియదు గానీ నాకు నర్సరీ ఉంది. షేడ్‌నెట్ కింద మా బెడ్ల మీద కూడా వానాకాలం ఇలాగే పాకురు పడుతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి కొడితే పోతుంది. పది రోజులకోసారి కొట్టి చూడండి. యూరియా మాత్రం ఈ ముసురులో వద్దు.

గ్రీన్‌కీపర్_అనంత:

తమ్ముడూ, మందు డబ్బా తెరిచే ముందు ఒక పని చెయ్యి. పొద్దున్నే హోల్ మార్చేటప్పుడు కప్ కట్టర్‌తో మట్టి ముద్ద తీస్తారు కదా, 108 మిల్లీమీటర్ల వెడల్పుది. మాలీలు దాన్ని క్షణంలో పాత హోల్‌లో పెట్టి తొక్కేస్తారు. రేపు 7వ గ్రీన్ దగ్గర నువ్వే నిలబడి, ఆ ముద్దని చేతిలోకి తీసుకో. నిలువునా చాకుతో రెండుగా చీల్చి వెలుతురులో చూడు.

పచ్చటి ఆకు కింద గోధుమరంగు పొర ఒకటి కనిపిస్తుంది. చచ్చిన కాడలు, పాత వేర్లు కుళ్ళకుండా పేరుకున్నది. మనం థాచ్ అనేది దాన్నే. వేళ్ళతో నొక్కు. నీళ్ళు కారి, వదలగానే మళ్ళీ ఉబ్బితే మడమ దిగడానికి కారణం అదే. మోవర్ గీకడానికి కూడా అదే కారణం. మోవర్ రోలర్ ఆ మెత్తదనంలోకి దిగితే, నువ్వు 4 మిల్లీమీటర్లకి సెట్ చేసిన బ్లేడు అసలు గడ్డిని 2 దగ్గర కోస్తుంది. థాచ్ ఒక సెంటీమీటరు లోపు ఉండి, అందులో ఇసుక బాగా కలిసి ఉంటే ఇబ్బంది లేదు.

తరవాత దాని కింద నల్లటి గీత ఏమైనా ఉందేమో చూడు. ఉంటే ముక్కు దగ్గర పెట్టుకో. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చిందంటే అక్కడికి గాలి చేరడం లేదు. గాలి లేనిచోట బతికే బ్యాక్టీరియా సల్ఫేట్‌ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది, అది నేలలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. ఆఖరికి ఇసుక మెల్లగా విదిలించి, తెల్లటి వేర్లు ఎక్కడిదాకా దిగాయో స్కేలు పెట్టి కొలువు. ఈ మూడూ ఫోటో తీసి ఇక్కడ పెట్టు. కమిటీకి చూపించాల్సిన ఆధారం కూడా ఆ ఫోటోనే. నేను ఏ క్లబ్బుకి వెళ్ళినా మాటలతో మొదలుపెట్టను, ముద్ద కోసి టేబుల్ మీద పెడతాను. వాసన చూశాక యూరియా మాట ఎవరూ ఎత్తరు.

మదనపల్లె అన్నగారూ, మీ అనుభవాన్ని కాదనడం లేదు. నర్సరీ బెడ్ పంట అయ్యాక మార్చేస్తాం. గ్రీన్ కింద ఇసుక ఏళ్ళ తరబడి అదే ఉంటుంది, రాగి అందులో పేరుకుంటూ పోతుంది. పాకురుకి మాంకోజెబ్ కొంత పనిచేస్తుంది, అవసరమైతే టోర్నమెంట్ ముందు ఒకసారి కొట్టుకోవచ్చు. కానీ గడ్డి పలచబడి, నేల తడిగా ఉండి, వెలుతురు ఆ మట్టి మీద పడినన్నాళ్ళూ పాకురు తిరిగి వస్తూనే ఉంటుంది. గడ్డి పోయింది కాబట్టే పాకురు వచ్చింది, పాకురు వచ్చి గడ్డిని చంపలేదు.

ఇప్పుడు ఆపాల్సినవి. యూరియా చల్లడం ఈ రోజే ఆపెయ్యి. మబ్బు పట్టిన రోజుల్లో గడ్డికి ఎండ సరిపోక ఆకు సన్నగా సాగుతుంది. నత్రజని గుప్పిస్తే ఇంకా సాగుతుంది, థాచ్ పెరుగుతుంది, వేరు మాత్రం దిగదు. ఎత్తు తగ్గించడం కూడా వద్దు. ఆ రెండు గ్రీన్లనీ 5 మిల్లీమీటర్లకి పెంచు. ఆకు ఎంత తక్కువుంటే వేరు అంత పైనే ఆగిపోతుంది. వేరు లేని గడ్డి వచ్చే మార్చిలో ఎండలు ముదరగానే చేతులెత్తేస్తుంది.

స్పీడ్ కావాలంటే రోలర్ ఉంది. నేల ఆరిన రోజు, వారానికి రెండు మూడు సార్లు రోలర్ తిప్పితే, ఎత్తు తగ్గించకుండానే బంతి చురుగ్గా దొర్లుతుంది. తడిసి ముద్దయిన రోజు మాత్రం దాన్ని షెడ్‌లోంచి బయటికి తియ్యకు.

మోవర్ పదును చూశావా? న్యూస్‌పేపర్ సన్నగా చీల్చి, రీల్‌కీ (తిరిగే బ్లేడ్లు) బెడ్‌నైఫ్‌కీ (కింద కదలని బ్లేడు) మధ్య పెట్టి, రీల్‌ని చేత్తో తిప్పు. వేళ్ళు జాగ్రత్త. ఎడమ చివర నుంచి కుడి చివరదాకా ప్రతిచోటా కత్తెరతో కోసినట్టు తెగాలి. మడత పడి నలిగితే బ్యాక్‌ల్యాప్ (రీల్‌ని వెనక్కి తిప్పి పదును పెట్టడం) చేయించు. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, చింపుతుంది. చిరిగిన కొనలు ఎండి గ్రీన్ మొత్తం దూరానికి బూడిదరంగులో కనిపిస్తుంది. కమిటీ వాళ్ళు రంగు లేదంటున్న దాంట్లో సగం ఇదే అయినా ఆశ్చర్యం లేదు.

తెల్లవారాక మంచు దులపడం మానకండి. పొడుగాటి వెదురు గడతో గ్రీన్ మీద అటూ ఇటూ ఊపితే చాలు. ఆకు త్వరగా ఆరితే తెగుళ్ళు సగం తగ్గుతాయి.

వీకెండ్_గోల్ఫర్:

నేను ఆడేవాడిని, అందుకే ఒక ప్రశ్న. మా క్లబ్‌లో ఏడాదికి రెండుసార్లు గ్రీన్ల నిండా రంధ్రాలు పొడిచి, ఇసుక పోసి, రెండు వారాలు పాడుచేస్తారు. ఎందుకో ఎవరూ చెప్పరు. అది నిజంగా అవసరమా? పుట్ (గ్రీన్ మీద బంతిని హోల్ వైపు దొర్లించే దెబ్బ) వేస్తే బంతి ఎగిరెగిరి పోతుంది. ఇంకోటి, స్పీడ్ 10 ఉండాలని మా వాళ్ళంతా పట్టుబడతారు. అది న్యాయమైన కోరికేనా?

గ్రీన్‌కీపర్_అనంత:

అవసరమేనండీ. మీరు అడిగారు కాబట్టి లెక్కతోనే చెబుతాను.

సరిగ్గా కట్టిన గ్రీన్ కింద 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర, ఆ కిందనే పైపులు ఉంటాయి. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతి ఇది, తరవాత కొన్ని మార్పులు చేస్తూ వచ్చారు. ఇసుకలో గింజకీ గింజకీ మధ్య ఖాళీ ఉంటేనే నీళ్ళు కిందికి, గాలి లోపలికి వెళ్తాయి. రోజూ వందల అడుగులు, మోవర్ బరువు పడేసరికి పైన నాలుగైదు సెంటీమీటర్లు బిగుసుకుపోతాయి. పైగా ప్రతి ఏడాదీ థాచ్ పుడుతూనే ఉంటుంది. 12 మిల్లీమీటర్ల హాలో టైన్‌తో 5 సెంటీమీటర్లకొక రంధ్రం చొప్పున తీస్తే, ఒక్కసారికి గ్రీన్ ఉపరితలంలో నాలుగున్నర శాతం మాత్రమే బయటికి వస్తుంది. ఏడాదికి రెండుసార్లు చేసినా 9 శాతం. అదీ మానేస్తే పేరుకునేది తీసేదాన్ని మించిపోతుంది. పై ప్రశ్నలో తమ్ముడి 7వ గ్రీన్‌కి జరిగింది బహుశా అదే.

బంతి ఎగరడం రంధ్రాలు నిండా పూడకపోవడం వల్ల. చదరపు మీటరుకి 400 రంధ్రాలు, ఒక్కొక్కటి ఏడున్నర సెంటీమీటర్ల లోతు అనుకుంటే, పూడ్చడానికే మూడున్నర లీటర్ల దాకా ఇసుక పడుతుంది. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి పావు తక్కువ రెండు ఘనపు మీటర్లు. చాలాచోట్ల అందులో సగం చల్లి అయిపోయిందంటారు. ఎండిన ఇసుక పోసి, చాప లాగి, మళ్ళీ పోసి, రంధ్రం అంచుదాకా నిండే వరకూ లాగితే వారం తిరిగేసరికి ఆడుకునేలా ఉంటుంది. రాత్రుళ్ళు వెచ్చగా ఉన్న కాలంలో చేస్తే గడ్డి రెండు మూడు వారాల్లో కమ్ముకుంటుంది. హైదరాబాద్‌లో నవంబరు దాటాక చేస్తే ఫిబ్రవరిదాకా ఆ రంధ్రాలు మిమ్మల్ని చూస్తూనే ఉంటాయి.

స్పీడ్ మాట. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన 1935లో చేసిన కొలత అది. ఇప్పుడు వాడేది 36 అంగుళాల అల్యూమినియం పట్టీ, దానిలో ఒక గాడి. బంతిని గాడిలో పెట్టి పట్టీని మెల్లగా ఎత్తితే, సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి తనంతట తనే జారుతుంది. చదునైన చోట మూడు బంతులు ఇటు, మూడు అటు వదిలి, అవి దొర్లిన దూరం సగటు అడుగుల్లో తీస్తారు, స్పీడ్ అంటే ఆ అంకే. చిన్న క్లబ్‌లో టిఫ్‌డ్వార్ఫ్ మీద 8, 9 చక్కటి స్పీడ్. 10 కోసం ఏడాది పొడుగునా గడ్డిని పీకల మీదికి తేవడం న్యాయం కాదు. ఆడేవాడిని ఇబ్బంది పెట్టేది 8 కాదు, ఒక గ్రీన్ 7, పక్క గ్రీన్ 9 ఉండటం. మీరు అడగాల్సింది అన్ని గ్రీన్లూ ఒకేలా ఉండాలని.

మీ చేతిలోనూ ఒక పని ఉంది. బంతి పడ్డచోట చిన్న గుంట పడుతుంది కదా. ఫోర్క్‌ని గుంట అంచు బయట గుచ్చి, గడ్డిని మధ్యకి తోసి, పుట్టర్‌తో అదమండి. కింద నుంచి పైకి ఎత్తారంటే వేరు తెగి, అక్కడ గడ్డి ఎండిపోతుంది. అప్పుడే సరిచేస్తే కొద్ది రోజుల్లో మానుతుంది, వదిలేస్తే వారాలు పడుతుంది. నలుగురు ఆడే ప్రతి గ్రూపూ తమది కాక ఇంకొకటి సరిచేసి కదిలితే మా మాలీలకి పొద్దున గంట పని తగ్గుతుంది.

దుబాయ్_జగిత్యాల:

మాది జగిత్యాల దగ్గర. చాలా ఏళ్ళుగా ఇక్కడ గోల్ఫ్ కోర్సులోనే పని. అన్న చెప్పింది కరెక్టే, ఎస్టీపీ నీళ్ళ గురించి ఒక ముక్క కలుపుతా.

1988లో ఇక్కడ ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ మజ్లిస్ కోర్సు మొదలైనప్పుడు, గల్ఫ్‌లో పూర్తిగా గడ్డితో వేసిన మొదటి కోర్సు అదే. ఎడారిలో గడ్డి అంటే అంతా నీళ్ళ లెక్కే. మా దగ్గర పొద్దున, మధ్యాహ్నం తేమ మీటర్ గుచ్చి ప్రతి గ్రీన్‌లో రీడింగ్ రాస్తాం. ఎండిన చోట చేతి పైపుతో తడుపుతాం. ఒక మూల ఎండిందని మొత్తం స్ప్రింక్లర్ తిప్పం.

మీ నీళ్ళు ల్యాబ్‌లో ఇచ్చి ఈసీ (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), సోడియం, బైకార్బొనేట్ చూపించండి. ఈసీ మీటరుకి 0.7 డెసిసీమెన్ల లోపుంటే భయం లేదు, 3 దాటితే కష్టం, మధ్యలో ఉంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడాలె. సోడియం ఎక్కువుంటే జిప్సం వేసి, నిండా నీళ్ళు పెట్టి ఉప్పు కిందికి కడగాలె. వానాకాలంలో వాననే ఆ పని చేస్తది, మీకు అది అదృష్టం. అసలు పరీక్ష ఫిబ్రవరి నుంచి.

ఇంకోటి, గ్రీన్ మీద ఒకే సైజు ఖాళీ డబ్బాలు అక్కడక్కడా పెట్టి, పది నిమిషాలు స్ప్రింక్లర్ తిప్పి, ఏ డబ్బాలో ఎన్ని నీళ్ళు పడ్డాయో కొలవండి. ఒకదాంట్లో ఇంకోదానికి రెండింతలు పడుతుంటే తడిసిన మూల తడుస్తనే ఉంటది.

పచ్చిక_కొత్తవాడు:

అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. పొద్దున్నే ముద్దలు తీశాను. 3వ గ్రీన్‌లో థాచ్ సుమారు రెండు సెంటీమీటర్లు, నల్ల గీత లేదు, వేర్లు ఏడెనిమిది సెంటీమీటర్ల దాకా దిగాయి. 7వ గ్రీన్ వేరే కథ. థాచ్ రెండున్నర, దాని కింద చిటికెన వేలంత మందాన నల్లటి పట్టీ. వాసన మీరు చెప్పిందే. వేర్లు ఆ నలుపు దగ్గరే ఆగి పక్కకి తిరిగిపోయాయి. పేపర్ టెస్ట్ కూడా చేశాను, కుడి చివర మూడు వేళ్ళ వెడల్పున తెగట్లేదు.

ఫోటోలు కమిటీ సెక్రటరీ గారికి చూపించాను. యూరియా ఆపడానికి ఒప్పుకున్నారు. కానీ టోర్నమెంట్ ముందు రంధ్రాలు వద్దన్నారు. జిప్సం స్టోర్‌లో ఉంది, వేసేయమంటారా? ఇసుక కోసం అడిగితే కాంట్రాక్టర్ రోబో సాండ్ చవకగా వస్తుందంటున్నాడు.

మామిడితోట_మదనపల్లె:

అనంత గారూ, మధ్యలో నాదో సందేహం. మామిడికి మేం పాక్లోబ్యుట్రజాల్ వేసి పెరుగుదల ఆపుతాం కదా. మీ గడ్డికీ అలాంటిదేమైనా ఉందా?

గ్రీన్‌కీపర్_అనంత:

ఉందండీ, మంచి ప్రశ్న. గ్రీన్ల మీద ఎక్కువగా ట్రైనెక్సపాక్ ఇథైల్ కొడతారు. అది ఆకులోంచి లోపలికి వెళ్తుంది, మీ పాక్లోబ్యుట్రజాల్ వేరులోంచి వెళ్తుంది. రెండూ గడ్డి నిలువుగా సాగడాన్ని తగ్గించి దట్టంగా చేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న గ్రీన్ మీద చాలా బాగా పనిచేస్తుంది. వేరు ఆగిపోయిన 7వ గ్రీన్‌కి మాత్రం ఇప్పుడు అలాంటిది ఏదీ వద్దు, దానికి పెరుగుదల కావాలి.

తమ్ముడూ, కమిటీ చెప్పింది ఒక రకంగా సరైనదే, మూడు వారాల్లో హాలో టైన్ మానదు. ఈలోపు 6 మిల్లీమీటర్ల సాలిడ్ నీడిల్ టైన్ వేసుకో. మట్టి బయటికి రాదు, సన్నటి పోటు మాత్రమే. రోలర్ ఒకసారి తిప్పితే రెండు రోజుల్లో కనిపించదు, కానీ లోపలికి గాలి దారి ఏర్పడుతుంది. ఈ వారం ఒకసారి, టోర్నమెంట్‌కి పది రోజుల ముందు ఇంకోసారి. దసరా అయిన మరుసటి సోమవారమే హాలో టైన్ అని ఇప్పుడే తేదీ రాయించి సంతకం తీసుకో. రాత్రుళ్ళు చల్లబడేలోపు మానిపోవాలి.

జిప్సం 7వ గ్రీన్‌కి ఇప్పుడు వద్దు. జిప్సం కూడా సల్ఫేటే, గాలి లేనిచోట ఆ నల్ల పొరకి మేత అవుతుంది. అమ్మోనియం సల్ఫేట్‌కీ ఇదే మాట. ముందు నీళ్ళు కిందికి పోవాలి, ఆ తరవాతే జిప్సం. ఆ గ్రీన్‌కి కాల్షియం నైట్రేట్ చదరపు మీటరుకి 3 గ్రాముల చొప్పున, నీళ్ళలో కలిపి, పది రోజులకోసారి కొట్టి వెంటనే కాస్త నీళ్ళు ఇవ్వు. మిగతా గ్రీన్లకి యూరియానే అయినా చల్లకుండా నీళ్ళలో కలిపి స్ప్రే చెయ్యి. 500 చదరపు మీటర్లకి అర కిలో చాలు, వారం పది రోజులకోసారి. టోర్నమెంట్ రంగు కోసం ఆ గ్రీన్ల మీద అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) చదరపు మీటరుకి గ్రాముకి మించకుండా కొట్టుకోవచ్చు. రెండు రోజుల్లో ముదురు పచ్చ తేలుతుంది, గడ్డి సాగదు. సిమెంట్ దారి మీద మాత్రం పడనివ్వకు, తుప్పు మరకలు పోవు.

రోబో సాండ్ గ్రీన్ మీద పొయ్యనివ్వకు. రాయి పిండి చేసిన ఇసుకలో సన్నటి దుమ్ము ఉంటుంది, అది గింజల మధ్య దూరి నువ్వు తీసిన రంధ్రాన్నే సిమెంటు చేస్తుంది. గింజలు మొనదేలి కూడా ఉంటాయి, రీల్ పదును నాలుగు రోజుల్లో పోతుంది. కడిగి జల్లించిన ఇసుక కావాలి, అందులో కనీసం 60 శాతం పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. ల్యాబ్‌కి పంపేలోపు నీ టేబుల్ మీదే చూసుకో: గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్ళు పోసి గట్టిగా ఊపి వదులు. గంట తరవాత ఇసుక మీద బురద పొర కనిపిస్తే ఆ లోడ్ వెనక్కి పంపెయ్యి. బంకర్లకి (ఇసుక గుంటలకి) కూడా ఆ లోడ్ వద్దు.

నిద్రగన్నేరు చెట్లు కొట్టేయమని నేను చెప్పను. పెద్ద చెట్టు కొట్టాలంటే వాల్టా చట్టం (నీళ్ళు, భూమి, చెట్ల రక్షణ చట్టం) ప్రకారం అనుమతి కావాలి, పైగా ఆ హోల్‌కి అందం అవే. పొద్దుటి ఎండ గ్రీన్ మీద పడేలా తూర్పు వైపు కింది కొమ్మలు పలచన చేయించు, దానికీ ముందు ఫారెస్ట్ వాళ్ళని అడిగి చెయ్యి. గ్రీన్ అంచున కందకం తవ్వి లోపలికి వచ్చిన వేర్లు కోయించు. బెర్ముడా జాతి గడ్డి నీడలో బతకదు, దాన్ని ఏ మందూ మార్చలేదు.

ఇక 7వ గ్రీన్‌లో నాకు అనుమానంగా ఉన్నది ఒక్కటే. 3వ గ్రీన్‌కీ అవే ఎస్టీపీ నీళ్ళు, అవే వానలు, అక్కడ నలుపు లేదు. అంటే 7వ దాని కింద నుంచి నీళ్ళు బయటికి పోయే పైపు నోరు ఎక్కడో మూసుకుపోయి ఉండాలి. పాత డ్రాయింగ్ దొరక్కపోతే, అక్కడ ఎక్కువ కాలం పనిచేసిన మాలీని అడుగు, వాళ్ళకి తెలుస్తుంది. సాధారణంగా గ్రీన్ పల్లం వైపు, కుంటకో కాలువకో దగ్గర, గడ్డిలో దాక్కుని ఉంటుంది. వాన ఆగిన రెండు మూడు గంటలకి వెళ్ళి చూడు. 3వ గ్రీన్ పైపు కారుతూ ఉండి, 7వది పొడిగా ఉంటే అనుమానం ఖాయం. నోట్లో వేర్లు, మట్టి తీసి, కింద నుంచి పైకి ప్రెషర్ పైపు పెట్టి కడిగించు. నీళ్ళు నల్లగా వస్తే భయపడకు, తేటగా మారేదాకా కడగనివ్వు. ఆ తరవాత ఇంకో ముద్ద తీసి ఫోటో పెట్టు, హాలో టైన్ ఎంత లోతు వెయ్యాలో అది చూసి చెబుతాను.